జఠరయ్య కత్తెర, పేరిందేవి తాళంచెవి

అనగా అనగా, నోటికి కింద, మొలతాడుకు పైన, ఒక ఊరు. పేరు బొజ్జవరం. బూరెల వ్యాపారి వీరభద్రం సెట్టి గారి పొట్టలో ఉండేది ఆ ఊరు. వెతకడానికి వెళ్లకండి, ఆయనకు చక్కిలిగింతలెక్కువ.

ఆ ఊళ్లో కోతగాళ్లకు పెద్ద జఠరయ్య. బారెడు మీసం, మూరెడు కత్తెర. నోటి ద్వారం నుంచి పప్పు దిగితే కసుక్కు, గుడ్డు దిగితే కసుక్కు. ఎంజైములు అంటారే, ఆ కోతగాళ్లే వాళ్లు.

వాళ్లు బూరెల్ని కోసి చక్కెర రేణువులు చేస్తే, అవి నెత్తురు పారే ఎర్రకాలవలో పడి వీధి వీధికీ చేరేవి. అప్పుడు జఠరయ్య పిన్ని కూతురు పేరిందేవి తాళాల గుత్తి గలగలలాడించుకుంటూ గడప గడపకూ వెళ్లి, "చక్కెరొచ్చిందమ్మా!" అని తలుపులు తీసేది. ఇంటింటా పొయ్యిలు వెలిగేవి. పెద్ద చదువులవాళ్లు ఈ పిల్లనే ఇన్సులిన్ అంటారు, కబురు మోసే హార్మోన్ అంటారు. ఊళ్లోవాళ్లకు మాత్రం పేరిందేవే.

ఒకనాడు జఠరయ్య మీసం దువ్వి, "కోసేది మేము, పేరు నీదా? తలుపులు తట్టుకు తిరగడం కూడా ఒక పనేనటే?" అన్నాడు.

పేరిందేవి మనసు చివుక్కుమంది. "సరే అన్నయ్యా. ఆ తలుపులేవో నీ కత్తెరతోనే తీసుకో" అని గుత్తి బొడ్లో దోపుకుని, క్లోమం వీధిలో తన ఇంటికి వెళ్లి గడియ పెట్టుకుంది.

ఆ పూట జఠరయ్య భోజనానికి వెళ్తే ఇంటి తలుపు బిగుసుకుపోయి ఉంది. వాకిట్లో చక్కెర గుట్ట. లోపల భార్య సూరమ్మ ఏడుపు.

"ఏమయ్యా, పొద్దుట్నుంచి పొయ్యిలో పిల్లి లేవలేదు. కళ్లు తిరుగుతున్నాయి!"

"వాకిట్లో గుట్టుంది గదే, తీసుకో!"

"తలుపు రాందే ఎలా తీసుకోను? పేరిందేవి తాళం లేనిదే రాదని తెలీదూ?"

'ఇంకా సన్నగా కోస్తే తలుపు సందులోంచి దూరుతుందిలే' అనుకున్నాడు జఠరయ్య. కోయించాడు. ఒక్క రేణువు దూరలేదు.

'అయితే తిండి చాలలేదన్నమాట' అని ఊరంతా దద్దరిల్లేలా ఆకలి కేకలు వేయించాడు. పాపం సెట్టి గారు, అమ్మకానికి పెట్టిన బూరెలన్నీ తనే మింగారు. వీధుల్లో మోకాలి లోతు పాకం! దాన్ని బయటికి తోలడానికి సెట్టి గారు చెంబు పట్టుకుని దొడ్డివైపు ఒకటే పరుగు. ఇళ్లల్లో మాత్రం అదే ఆకలి.

తింటున్నకొద్దీ సెట్టి గారు చిక్కిపోయారు. వైద్యుడు వచ్చి తాళంచెవుల మందు ఇచ్చి, "సూదితో ఎక్కించుకోవాలి సుమా, మింగకూడదు" అన్నాడు. సూదంటే సెట్టి గారికి చచ్చే భయం. వైద్యుడు అటు వెళ్లగానే మందును మజ్జిగలో కలిపి గుటుక్కున తాగేశారు.

కొత్త తాళంచెవులు జలజలా జఠరయ్య ముందు రాలాయి. వాటిదీ పప్పు, గుడ్డు జాతే, మాంసకృత్తులే. అలవాటైన చెయ్యి ఊరుకుంటుందా? కసుక్కు! కసుక్కు! కసుక్కు! ఆఖరి ముక్క ఎత్తి చూశాడు. తాళంచెవి పన్ను.

"ఓరి నా చెయ్యి పడిపోనూ! నా ఇంటి తాళంచెవిని నేనే కోసుకున్నానే!" అని నెత్తి బాదుకున్నాడు. ఇంటికి పరిగెత్తి తలుపు తడితే సూరమ్మ పలకలేదు. అటునుంచటే క్లోమం వీధికి పరిగెత్తాడు.

"చెల్లీ! మీ వదిన పలకడం లేదే! వచ్చి తలుపు తియ్యవే!"

"ముందు కత్తెర కింద పెట్టు. నీ చేతికి తాళంచెవికీ పప్పుకీ తేడా తెలీదు" అంది లోపల్నుంచి పేరిందేవి.

బుద్ధెరిగాక మొదటిసారి జఠరయ్య కత్తెర కింద పెట్టాడు. "కూడని మాటన్నాను తల్లీ. నేను ముక్కలు చేస్తాను, అంతే. అది కూడయ్యేది నీ చేతిలోనే" అని భోరుమన్నాడు.

పేరిందేవి గడియ తీసింది. గుత్తి తీసుకుని తిన్నగా అన్న ఇంటికే వెళ్లింది. "వదినా, చక్కెరొచ్చింది!" తాళం తిరిగింది. చక్కెర లోపలికి పరిగెత్తింది, పొయ్యి భగ్గున వెలిగింది. తర్వాత పక్కిల్లు, ఆ పక్కిల్లు. సెట్టి గారు చెంబు గోడవార బోర్లించి హాయిగా నడుం వాల్చారు.

కాసేపటికి సూరమ్మ మెల్లగా గుమ్మంలోకొచ్చి, "నువ్వు లోపలికి రా పేరిందేవీ, వేడివేడిగా తిందువుగాని. ఈయన్ని కాసేపు వాకిట్లోనే ఉండనీ" అంది. జఠరయ్య బుద్ధిగా అరుగు మీద కూర్చున్నాడు.

పిల్లలూ, కుప్పలు కోసిపోసినంత మాత్రాన ఆకలి తీరదు, ఆ కుప్పను గడప దాటించే చెయ్యీ ఉండాలి. అందుకే తోటివాళ్ల పనిని ఎన్నడూ తక్కువ చేసి మాట్లాడకూడదు.