గొడుగు బేరం

అవసరానికి ఎద్దులు కొనేవాళ్ళను చూశాం. ముచ్చటపడి కొనేవాళ్ళనూ చూశాం. దస్తగిరి మాత్రం కోపానికి కొనాలనుకున్నాడు.

జరిగింది చూస్తే చిన్నదే. ఉరుసులో బండలాగుడు పోటీ పెట్టారు. దస్తగిరి చిన్నాయన కొడుకు హుసేనప్ప ఎద్దులు గెలిచాయి. ఆ సందడిలో ఎవరో దస్తగిరి భుజం తట్టి, "వచ్చే ఏడు నువ్వు కూడా ఒక జతను దించప్పా" అన్నారు.

హుసేనప్ప విని, "మా దస్తగిరికి ఎద్దులెందుకు? చప్పట్లు కొట్టేదానికి చేతులుండాయి కదా, చాలు" అన్నాడు.

అందరూ నవ్వారు. దస్తగిరి కూడా నవ్వాడు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాక ఆ నవ్వు కాస్తా పోయింది. అన్నం తోసేసి లేచాడు.

అప్పటి నుంచి ఒకటే పట్టు. రాబోయే మంగళవారం సంతకు ఓబుల్‌రెడ్డి అనే రైతు ఒక జతను తోలుకొస్తున్నాడని తెలిసింది. హుసేనప్ప జతను తలదన్నే జతట. దస్తగిరి దగ్గర అంత డబ్బు లేదు. అమ్మితే డబ్బొచ్చేది బావి చేను ఒక్కటే. మిగతా పొలం మెట్ట, వాన పడితే పంట, లేకుంటే లేదు. ఇంటిల్లిపాదికీ నాలుగు వేళ్ళు నోట్లోకి పోతున్నాయంటే ఆ బావి చేను వల్లనే.

దాన్ని ఎరువుల అంగడి చెన్నయ్య ఎప్పటి నుంచో అడుగుతున్నాడు. సంతకు ముందురోజు, సోమవారమే రాసిస్తానని దస్తగిరి మాటిచ్చాడు. ఎదుటివాడి తొందర చెన్నయ్యకు తెలియకుండా ఉంటుందా? ధర బాగా తగ్గించాడు. దస్తగిరి దానికీ తలూపాడు.

"ఆ బావి తవ్వేటప్పుడు మట్టి మోసింది నేను. నన్నొక మాట అడగాలని తోచలేదా?" అంది భార్య మాబున్ని.

"పరువు సంగతి నీకేం తెలుస్తాది" అన్నాడు దస్తగిరి.

ఆమె ఇంక మాట్లాడలేదు. ఇంట్లో పొయ్యి వెలుగుతూనే ఉంది, అన్నం ఉడుకుతూనే ఉంది. మాటలే లేవు.

ఆదివారం పొద్దున దస్తగిరి ఒక కొత్త తువ్వాలు, చక్కెర పొట్లం, ఊదుబత్తులు పట్టుకుని లాల్‌సా తాత దగ్గరికి పోయాడు.

గుట్ట కింద పాత దర్గాను చూసుకునే పెద్దాయన లాల్‌సా తాత. ఫకీరు కాకముందు సంతల్లో ఎద్దుల దళారి. ఆ సంగతి ఆయనేమీ దాచుకోడు. దస్తగిరి ఆయన శిష్యుడు. ప్రతి గురువారం వచ్చి దర్గా ఊడ్చి, ఆయన నాలుగు మాటలు చెబితే విని పోతుంటాడు. విన్నదంతా ఇంటిదాకా మోసుకుపోతాడని మాత్రం చెప్పలేం.

"తాతా, ఈ తువ్వాలు మీద దువా చదివి ఊదు. ఎల్లుండి సంతలో దీని కిందనే బేరం. ఓబుల్‌రెడ్డి జత నాకే పడాల."

ఆ సంతల్లో ధర నోటితో చెప్పరు. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుతారు. కొనేవాడు అవతలివాడి వేళ్ళు పట్టుకుని తన ధర చెబుతాడు. చుట్టూ ఎంతమంది నిలబడ్డా ఎవరికీ ఏమీ తెలియదు. పైకి మాత్రం ఇద్దరూ వానల గురించో, పెళ్ళిళ్ళ గురించో మాట్లాడుకుంటూ ఉంటారు.

"నీ సేద్యం ఎద్దుల్లో ఒకటి ముసలిదయింది కదా. దాని బదులుకా?" అడిగాడు తాత.

"కాదు తాతా. బండ లాగేదానికి."

"చెన్నయ్యకు చేను రాసిస్తాండావంట."

"చేను పోతే మళ్ళా కొనుక్కోవచ్చు. పరువు పోతే యాడ దొరుకుతాది?"

తాత తువ్వాలు అందుకున్నాడు. తువ్వాలును అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇంకా గంజి పోని గుడ్డ, అట్టలా ఉంది.

"చదువుతా. ముందు ఇది బేరానికి పనికొస్తాదో రాదో చూద్దాం, కూర్చో" అన్నాడు.

లోపలికి పోయి గోడకు తగిలించిన గొడుగు తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టాడు. నల్లగుడ్డ వెలిసి బూడిదరంగుకు వచ్చింది. ఒకవైపు ఊచలు విరిగి వేలాడుతున్నాయి. పిడికి పురికొస చుట్టి ఉంది.

"అమ్మేది నేను, కొనేది నువ్వు. వేలుకు పది రూపాయలు."

దస్తగిరికి వారం తర్వాత మొదటిసారి నిజంగా నవ్వొచ్చింది. బేరంలో అతను తక్కువవాడేం కాదు. చేతులు కలిశాయి, తువ్వాలు పడింది. తాత చూపుడు వేలును దస్తగిరి సగం దాకా పట్టుకున్నాడు. అంటే అయిదు రూపాయలు. ఆ గొడుగుకు అదే ఎక్కువ.

"ఈ ఏడు వానలు ఎట్లుంటాయంటావు?" అన్నాడు తాత పైకి, సంతలో లాగానే.

"మబ్బయితే పడతాండాది తాతా."

"ఊఁ. నిన్న మీ హుసేనప్ప ఈ దావనే పోయినాడు."

దస్తగిరి గొడుగు వైపు చూపు తిప్పుకున్నాడు.

"ఈ గొడుగు చూసి, బాగుంది తాతా, నాకిస్తావా అన్నాడు."

దస్తగిరి చెయ్యి కొంచెం జరిగింది.

"దస్తగిరి అడుగుతాడేమో అన్నా. వానికెందుకు తాతా గొడుగు, వాడు యాడ కొంటాడు అన్నాడు." తాత గొంతులో మార్పేమీ లేదు. ఇంకా వానల గురించే మాట్లాడుతున్నట్టు ఉంది. "పొద్దుగూకే లోపల మళ్ళా వస్తానన్నాడు, డబ్బు తీసుకుని."

తాత రెండో చేత్తో తువ్వాలు లాగేశాడు.

దస్తగిరి కిందికి చూశాడు. తాత అయిదు వేళ్ళూ తన పిడికిట్లో ఉన్నాయి. పట్టిన పట్టుకు ముసలాయన వేళ్ళ కొసలు ఎర్రబడ్డాయి. ఎప్పుడు పట్టుకున్నాడో దస్తగిరికే తెలియదు.

"నేనింకా ధర చెప్పనే లేదు కదా అబ్బీ" అన్నాడు తాత.

దస్తగిరి చప్పున చెయ్యి వదిలేశాడు.

"యాభై. ఈడ పెట్టు."

"తాతా..."

"సంతలో చెయ్యి పట్టినాక వెనక్కి పోతే ఇంక నీకు ఎవుడైనా చెయ్యి ఇస్తాడా?"

ఇవ్వరు. అది దస్తగిరికీ తెలుసు. నడుముకు కట్టుకున్న సంచి విప్పి యాభై రూపాయలు తీసి పెట్టాడు. తాత మొహమాటపడకుండా తీసుకుని దర్గా హుండీలో వేశాడు. తర్వాత ఊదుబత్తి వెలిగించి, కళ్ళు మూసుకుని, తువ్వాలు మీద నిజంగానే దువా చదివి ఊదాడు. చక్కెర ఇంత నోట్లో వేసుకుని, ఇంత దస్తగిరి నోట్లో పెట్టాడు. తువ్వాలు అతని భుజాన వేసి, గొడుగు చేతికిచ్చాడు.

దస్తగిరి గడప దాకా పోయి ఆగాడు.

"తాతా, హుసేనప్ప నిజంగానే ఈ గొడుగు అడిగినాడా?"

"దీన్నా?" తాత చీపురు అందుకుంటూ అన్నాడు. "వాడేమన్నా పిచ్చోడా?"

దారి పొడుగునా దస్తగిరి ఆ గొడుగును చూసుకుంటూ నడిచాడు. విరిగిన ఊచలు అడుగడుక్కీ గలగలమంటున్నాయి. ఎదురొచ్చినవాళ్ళు గొడుగు వైపు చూసి, అతని ముఖం వైపు చూసి పోతున్నారు. మామూలుగా అయితే సిగ్గుతో చచ్చిపోయేవాడే. ఇప్పుడు అదేమీ అనిపించలేదు. హుసేనప్ప మాటను కావాలని ఒకసారి తలుచుకున్నాడు. వారం నుంచీ కాలుస్తున్న మాట, ఇప్పుడు వట్టి మాటలాగే వినిపించింది.

నేరుగా చెన్నయ్య అంగడికి పోయి, చేను అమ్మడం లేదని చెప్పాడు.

"ధర చాల్లేదా? ఇంకొంచెం ఏస్తాలే, రా" అంటూ చెన్నయ్య చెయ్యి చాచాడు.

దస్తగిరి రెండు చేతులతోనూ గొడుగు పట్టుకున్నాడు. "వద్దు చెన్నయ్యన్నా. మాట తప్పినా, ఏమనుకోవద్దు" అని వచ్చేశాడు.

మాబున్ని వాకిట్లో చింతచిగురు ఏరుతోంది. తలెత్తి గొడుగును చూసింది.

"ఏందిది?"

"కొనుక్కొచ్చినా."

వారం నుంచీ మాట్లాడకూడదని పట్టుబట్టిన మనిషి కూడా ఆగలేకపోయింది. "ఎంతకు?"

"యాభై."

"దీనికి యాభైయా?" అంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "మరి చేను?" అంది.

"చేను యాడికి పోతాది? ఉండాది. చెన్నయ్యకు చెప్పేసి వచ్చినా."

మాబున్ని చేట పక్కన పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో దస్తగిరికి కాసేపు అర్థం కాలేదు. రెండూ చేస్తోంది. చూస్తుంటే అతనికి గుండె మీది బండ దిగినట్టయింది. అక్కడే మట్టిలో ఆమె పక్కన చతికిలబడ్డాడు.

"ఆకలేస్తాంది" అన్నాడు.

ఆ మంగళవారం అతను సంతకు పోలేదు.

గురువారం దర్గా ఊడుస్తుంటే వాన పట్టుకుంది. లాల్‌సా తాత చూరు కింద కూర్చుని ఉన్నాడు. దస్తగిరి పని ముగించి వచ్చి, గొడుగును ఆయన ముందు పెట్టాడు. విరిగిన ఊచలకు తీగ కట్టి, చిరుగులు మాబున్ని చేత కుట్టించి తెచ్చాడు.

"నీ గొడుగు నువ్వే తీసుకో తాతా."

"ఊరికే వద్దు. ఇప్పుడు అమ్మేది నువ్వు, కొనేది నేను" అంటూ తాత చెయ్యి చాచాడు.

దస్తగిరి భుజం మీది తువ్వాలు తీసి చేతుల మీద కప్పాడు. తాత అతని వేళ్ళు పట్టుకోలేదు. మణికట్టు దగ్గర చెయ్యి ఆనించి, వాన చూస్తూ కూర్చున్నాడు.

"మీ హుసేనప్ప ఇంకో జతను కొనినాడంట. ఓబుల్‌రెడ్డి జతనే."

"మంచి ఎద్దులు తాతా అవి" అన్నాడు దస్తగిరి.

తువ్వాలు కింద అతని చెయ్యి ఈసారి జరగలేదని తాత గమనించాడు. తర్వాత తువ్వాలు తీసి, దులిపి, మడతపెట్టి అతని భుజాన వేశాడు.

"ముసలెద్దు బదులు ఇంకోటి కావాల కదా నీకు. ఇప్పుడు పో సంతకు" అన్నాడు.