ఇసుకలో ఏనుగుల రాజ్యం

అనగనగా ఒక అడవి ఉండేది, నాన్నలూ. తూర్పు కొండ మీద పొద్దు పొడిచినా, పడమటి లోయలో కొమ్మల కింద ఇంకా చీకటిగానే ఉండేటంత పెద్ద అడవి. ఆ అడవి నడుమ ఒక నది. వానాకాలంలో నీళ్లు, వేసవిలో ఒట్టి ఇసుక.

మరి వేసవిలో అంత అడవీ ఏం తాగి బతికేది? అక్కడే ఉంది స్వామి లీల. ఆయన ఏనుగుకు అంత ఒళ్లు ఇచ్చాడు. అంత ఒంటికీ ముందు ఒక తొండం పెట్టాడు. ఆ తొండం కొసన, ఇసుక అడుగున దాక్కున్న నీటిని పసిగట్టే శక్తి పెట్టాడు. ఎండిన నదిలో ఏనుగు మెల్లగా నడుస్తూ పోయేది. ఒకచోట ఆగేది. ముందుకాలితో ఇసుక తవ్వేది. తొండంతో తోడి పక్కకు పోసేది. కాసేపటికి ఆ గుంట అడుగున చెమ్మ, చెమ్మ మీద ఊట, ఊట మీద నీలాకాశం ముక్క ఒకటి మెరిసేది. అలాంటి గుంటనే చెలమ అంటారు.

ఎండిన ఇసుకలోంచి నీళ్లు తీసి చూపించేవాళ్లను రాజులు అనక ఏమంటారు చెప్పండి? అడవిలో అన్నీ ఏనుగులకు దండం పెట్టేవి. ఏనుగులు ముందు తాగి గట్టెక్కేవి. తర్వాత జింకలు, పందులు, నక్కలు, చివరికి పిట్టలు తాగేవి.

కొన్నేళ్లుగా వానలు పలచబడ్డాయి. నది పొర్లలేదు. నది మలుపులో ఏనుగులు ఎప్పుడో తవ్విన ఒక పెద్ద చెలమ పూడిపోకుండా అలాగే నిలిచింది. నీళ్లు ఉన్నాయి కదా అని ఏనుగులు వేరేచోట తవ్వడం మానేశాయి. అప్పుడు పుట్టిన గున్నలకు తవ్వడమే తెలియదు. వాటికి తెలిసింది పెద్ద చెలమ ఒక్కటే.

ఏనుగుల రాణి పేరు మేఘవతి. ఆవిడ వీపు మీద ఎప్పుడూ ఒక పసులపోలిగాడు కూర్చునేవాడు. కత్తెర తోక ఉండే నల్లపిట్ట. రాణి వీపు ఎక్కి రాణినే ఆటపట్టించే పిట్ట.

ఒకరోజు ఆ పిట్ట అంది: "అమ్మా, ఈ అడవిని ఒకప్పుడు మొసళ్లు ఏలాయట. తర్వాత అడవిదున్నలు. తర్వాత పులులు. అందరూ పోయారు. ఇప్పుడు వరుసలో మీరున్నారు."

మేఘవతి నడుస్తున్నదల్లా ఆగింది. "మేమూ పోతామంటావా?"

"నేనేమంటాను? పోయినవాళ్లను అడుగు. నేనూ వస్తా. నాకు నడిచే పని లేదుగా."

నాన్నలూ, ఈ ప్రశ్న ఏనుగులదొక్కటే కాదు. లోకాన్నే ఏలిన మహారాజ్యాలు మట్టిలో కలిశాయని మీరు బడిలో చదువుతారు. ఇప్పుడు ఆకాశంలోకి ఓడలు పంపే పెద్ద దేశాలూ అంతేనా అని ఎంతో చదువుకున్నవాళ్లు కూడా తలలు పట్టుకుంటున్నారు. మన మేఘవతి తల పట్టుకుని కూర్చోలేదు. అడగడానికి బయలుదేరింది.

వెళుతూ తమ్ముడు దుందుభిని పిలిచింది. పెద్ద దంతాల ఏనుగు వాడు. "తమ్ముడూ, నేను వచ్చేదాకా మంద నీది. నా మనవరాలు నీలి జాగ్రత్త. ఎండలు ముదిరాయి. దానికి నీళ్లు తక్కువ కానీయకు."

"చెలమను కంటికి రెప్పలా కాస్తాను, అక్కా," అన్నాడు దుందుభి.

మేఘవతి మొదట ఒక పెద్ద పల్లానికి వెళ్లింది. ఒకప్పుడు నది అక్కడే ప్రవహించేది. ఈ అంచు నుంచి ఆ అంచు కంటికి ఆనదు. అంత పల్లంలో ఇప్పుడు ఒక్క బురదమడుగు ఉంది. అందులో ఒక ముసలి మొసలి ఉంది.

"తాతా, మీ రాజ్యం ఎలా పోయింది?" అని అడిగింది మేఘవతి.

మొసలి ఒక కన్ను తెరిచింది. "అమ్మాయీ, ఈ కొండలు ఇంకా గుట్టలుగా ఉన్నప్పుడే మేము రాజులం. ఒక వానాకాలం నది పక్కకు జరిగింది. మేము జరగలేదు."

"ఎందుకు జరగలేదు తాతా?"

"రాజులం కదా. నదే తిరిగి వస్తుందని కూర్చున్నాం."

పసులపోలిగాడికి నవ్వు రాబోయింది. ఆ పల్లం వెడల్పు చూసి ఊరుకున్నాడు.

తర్వాత ఒక నల్లబండ దగ్గరికి వెళ్లారు. ఆ బండ అద్దంలా నునుపుగా ఉంది. మేఘవతి దాని ముందు నిలబడితే తన ముఖం కనిపించింది. పక్కన ఒకే ఒక్క అడవిదున్న మేస్తోంది.

"ఈ బండను ఇంత నున్నగా ఎవరు చెక్కారు?" అంది మేఘవతి.

"ఎవరూ చెక్కలేదు, రాణమ్మా," అంది దున్న. "మేము ఒళ్లు రుద్దుకున్నాం. మా తాతలు, వాళ్ల తాతలు, వాళ్ల తాతలు. ఒళ్లు రాసీ రాసీ రాయి ఇలా అయింది. అంతమందిమి ఉండేవాళ్లం."

మేఘవతి తొండంతో ఆ బండను తాకింది. ఎన్ని వీపుల కింద అరిగిందో ఆ రాయి. ఈ ఒక్క వీపు తప్ప అందులో ఏదీ ఇప్పుడు లేదు.

"మరేమయ్యారు?"

"ముందు ఎవరు రుద్దుకోవాలని కొట్టుకున్నాం."

"దురద కోసమా?" అన్నాడు పసులపోలిగాడు.

"దురద కోసం కాదు పిట్టా. ముందెవరు అనేదాని కోసం. కొమ్ములు విరిగేదాకా కొట్టుకున్నాం. ఇప్పుడు నేనొక్కదాన్నే ఉన్నా. ఎప్పుడు కావాలంటే అప్పుడు రుద్దుకోవచ్చు."

చివరికి ఒక గుహకు వెళ్లారు. లోపల పళ్లూడిన ముసలి ఆడపులి పడుకుని ఉంది.

"మా కథా?" అంది పులి. "మేమంటే అందరికీ హడల్. మా నీడ కనబడితే కోతులు నోరు నొక్కుకునేవి, నెమళ్లు ఊపిరి బిగపట్టేవి. అదే మా గొప్ప అనుకున్నాం. ఒక వేసవిలో కొండకు నిప్పంటుకుంది. కోతులు చూశాయి. నెమళ్లు చూశాయి. మాకెవరూ చెప్పలేదు."

గుహ ముందు ఆ కొండ కనిపిస్తూనే ఉంది. ఇప్పుడు మళ్లీ పచ్చగా ఉంది, అక్కడ ఎవరూ ఏమీ పోగొట్టుకోనట్టు.

"పెద్దమ్మా, మాకూ తప్పదా?"

"నాకెలా తెలుస్తుందే తల్లీ? మా మంచి రోజుల్లో మేమీ మాట ఎవరినీ అడగలేదు. నువ్వొచ్చి అడుగుతున్నావు. నాకు కనబడే తేడా అదొక్కటే."

మేఘవతి వెనక్కి వచ్చేసరికి నది మలుపులో గోలగోలగా ఉంది. ఏం జరిగిందంటే, చెలమను కాస్తానని మాటిచ్చాను కదా అని దుందుభి దంతాల ఏనుగులన్నిటినీ పిలిచి, చెలమ చుట్టూ భుజానికి భుజం ఆనించి నిలబెట్టాడు. రాత్రీ పగలూ అక్కడే కాపలా. జింకను రానీయలేదు, పిట్టను వాలనీయలేదు. ఇసుక ఒడ్డు మీద అన్ని ఏనుగులు కదలకుండా నిలబడితే ఏమవుతుంది? ఒడ్డు జారింది. ఒకవైపు జారితే రెండోవైపు కుంగింది. పెద్ద చెలమ కాస్తా పూడిపోయింది. ఊట ఎక్కడుందో కూడా తెలియకుండా పోయింది.

"పందులు కుట్ర చేశాయి అక్కా," అన్నాడు దుందుభి.

"పందుల్ని నువ్వు దగ్గరికి రానీయలేదుగా. ఎలా చేస్తాయిరా కుట్ర?"

దుందుభి తొండంతో ఒడ్డు వైపు చూపించాడు.

ఒడ్డున నీలి నీడలో పడుకుని ఉంది. పెదవులు పగిలాయి. నానమ్మను చూసి లేవబోయి లేవలేకపోయింది.

మేఘవతి నదిలోకి దిగి తొండం చాచింది. ఇసుకనంతా ఏనుగులే తొక్కి, ఏనుగులే పెంటతో నింపేశాయి. ఎటు వాసన చూసినా తమ వాసనే. నీటి వాసన లేదు. గున్నల వైపు చూసింది. వాటికి తవ్వడమే రాదు.

గట్టు మీద పొదల్లో జింకలు, పందులు, నక్కలు నిలబడి చూస్తున్నాయి. ఒక్కటీ నోరు మెదపలేదు. ఆ మౌనం చూసి రాణికి గుహలో పులి గుర్తొచ్చింది.

"నాలుగు తంతే అవే చెబుతాయి," అన్నాడు దుందుభి.

"నువ్వు పక్కకు జరుగు," అంది మేఘవతి. మంద మొత్తాన్ని నది లోంచి ఎక్కించి దూరంగా బండల మీదికి పంపింది. తానొక్కతే గట్టు కింద మోకాళ్ల మీద కూర్చుంది. అంత పెద్ద ఏనుగు కూర్చుంటే దాని తల పందుల తలలంత ఎత్తుకు దిగింది.

"తప్పు మాది," అంది. "నీళ్ల జాడ తెలిసినవాళ్లు చెప్పండి. తవ్వే పని మాది. ఎవరి పిల్లలైనా సరే, పిల్లలు ముందు తాగాలి. తవ్వినవాళ్లు చివర తాగుతాం."

ఒక ముసలి అడవిపంది పొదలోంచి ముట్టె బయటపెట్టింది. "మాటలు బాగానే ఉన్నాయి రాణమ్మా. చూద్దాం." అంటూ ముందు నడిచింది. "మీరు తరిమేశాక వేరేచోటు వెతక్క ఏం చేస్తాం? అదుగో, ఆ నేరేడు వేళ్ల దగ్గర చెమ్మ తగిలింది. మా ముట్టెలకు అంతకన్నా లోతు అందలేదు."

ఏనుగులు వచ్చి తవ్వాయి. గున్నల చేత కూడా తవ్వించింది మేఘవతి. లోతుకు పోయేకొద్దీ ఇసుక రంగు మారింది. చివరికి ఒక మూల నీరు ఊరింది. సన్నగా, దోసెడు దోసెడుగా.

పిల్లలన్నీ వచ్చాయి. జింకపిల్లలు, పందిపిల్లలు, నక్కపిల్లలు. నీలి కూడా ఎలాగో లేచి తూలుతూ వచ్చింది. వచ్చి ముందుకు తోసుకుంది. దానికి అలవాటే కదా, రాణి మనవరాలు. పంది కళ్లు చిట్లించి రాణినే చూస్తోంది. అడవంతా రాణినే చూస్తోంది.

మేఘవతి తొండం చాచి నీలిని నడుముకు చుట్టి వెనక్కి లాక్కుంది.

"నానమ్మా, దాహం," అంది నీలి.

"నాకు తెలుసు తల్లీ," అంది మేఘవతి. తొండం వదల్లేదు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. వదల్లేదు.

ఒక జింకపిల్ల తాగింది. ఒక పందిపిల్ల తాగింది. మూడోది వంగబోతుంటే ముసలి పంది దాన్ని ముట్టెతో ఆపింది.

"రాణమ్మా, ఇక చాలు," అంది. "నీ బిడ్డను పంపు. మావాళ్లు కాస్త ఆగుతారు."

నీలి తాగింది. ఆ చప్పుడు వింటూ అడవి మొత్తం నిశ్శబ్దంగా నిలబడింది. భయంతో కాదు నాన్నలూ.

ఆ వేసవంతా అలాగే గడిచింది. పందులు జాడ చెప్పేవి, ఏనుగులు తవ్వేవి, అందరూ తాగేవారు.

ఆ తర్వాత వాన వచ్చింది. అబ్బో, ఆ వాన గురించి ఏం చెప్పను. కొండలు కనబడలేదు. పైనుంచి నది దిగివస్తుంటే నేల అదిరింది. మానులకు మానులే గడ్డిపోచల్లా కొట్టుకొచ్చాయి. ఏనుగులన్నీ గట్టు మీద చేరి చూస్తూ నిలబడిపోయాయి. వాటి ఒళ్లు ఎంత చిన్నవో ఆరోజు వాటికి తెలిసింది.

"అక్కా, మనం తవ్వినవన్నీ పోయాయి," అన్నాడు దుందుభి. "ఒక్క చెలమ ఆనవాలు కూడా లేదు."

మేఘవతి తొండం ఎత్తి ఆ వరదకు దండం పెట్టింది. దేవుడికి పెట్టినట్టే పెట్టింది.

"పోనీరా తమ్ముడూ," అంది. "మన రాజ్యం ఎంతకాలమని అడుగుతూ అడవంతా తిరిగొచ్చాను. ఒక్క వేసవి, అంతే. వచ్చే వేసవికి మళ్లీ తవ్వితే మళ్లీ ఉంటుంది."

నీతి: ఏ గొప్ప రాజ్యమూ పడిపోవాలని రాసిపెట్టి లేదు, నిలిచి ఉండాలనీ రాసిపెట్టి లేదు, సంపాదించిన దాని చుట్టూ కాపలా నిలబడ్డవాళ్లు కూలిపోతారు, నలుగురి దాహం తీర్చడానికి ఏటా మళ్లీ తవ్వేవాళ్లు నిలబడతారు.