మద్దులవాగులో చెలమ దీక్ష

రోహిణి కార్తెకు రోళ్ళు పగులుతాయంటారు. మద్దులవాగు చుట్టూ ఉన్న కొండల్లో రోళ్ళు లేవు గానీ బండలు మాత్రం నిజంగానే పగిలేవి. ఆ రోజుల్లో వాగులో చుక్క నీరు కనిపించదు. ఈ కొస నుంచి ఆ కొస దాకా తెల్లటి ఇసక, కాలు పెడితే కాలు కాలుతుంది. అది చూసి వాగు చచ్చిపోయిందనుకునేవాళ్ళు ఉంటారు. వాగు చావదండీ, కిందికి దిగుతుందంతే. మన కాళ్ళకింద మూరెడు లోతున, వెలుతురు సోకని చోట, చల్లగా, చప్పుడు లేకుండా తన దారిన తాను నడుస్తూనే ఉంటుంది. ఆ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఏటా ఆ కార్తె మొదటి రోజున అడవిలోని జంతువులన్నీ వాగులోకి దిగేవి. మూడు రోజుల దీక్ష అది. ఇసకలో తవ్వుకునే నీటిగుంటను చెలమ అంటారు కదా, అందుకని చెలమ దీక్ష. ఆ మూడు రోజులూ ఎవరూ ఎవర్నీ వేటాడకూడదు. మొదట అందరూ ఇసకకు చెవి ఆనించి వినాలి. చిరుతపులి చెవికి జానెడు దూరంలో కుందేలు చెవి ఉండేది. రెండూ ఊపిరి బిగబట్టి ఒకే చప్పుడు కోసం వినేవి. ఆ తరువాత తవ్వకం. తీసిన తడి ఇసకను గట్టుమీది మద్దిచెట్ల మొదళ్ళలో పొయ్యాలి, వాగును పట్టి ఉంచేది ఆ చెట్లే గనక. నీరు ఊరడం మొదలైతే ఎవరూ నోరెత్తకూడదు. అందరిలోకీ పసిది ముందు తాగాలి, తవ్వినవాళ్ళు ఆఖరున, అందులోనూ మొదట గోరు పెట్టినవాళ్ళు అందరికన్నా చివర. ఈ నియమాలు ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. తెలియకపోయినా ఒక్కరూ తప్పేవాళ్ళు కాదు.

ఎక్కడ తవ్వాలో చెప్పేది గడ్డలవ్వ. అది ముసలి అడవిపంది. దాని ముక్కు ఎక్కడ ఆగితే అక్కడ నీళ్ళున్నట్టే.

ఆ ఏడు దీక్షకు అందరూ వచ్చి చేరాక నక్క వచ్చింది. నెల రోజులుగా కొండకింద యాత్రికుల బసల దగ్గర పారేసిన విస్తళ్ళు నాకుతూ బతికింది. విస్తళ్ళలో అన్నంతో పాటు నాలుగు పెద్ద పెద్ద మాటలు కూడా దొరికినట్టున్నాయి. మెడలో వాడిపోయిన బంతిపూల దండ వేసుకుని మెల్లగా నడిచి వచ్చి ఇసక మధ్యన నిలబడింది.

"ఏమప్పా తోకయ్యా, ఈ వేషమేంది?" అంది ఎలుగుబంటి జూలన్న.

"తోకయ్య పోయాడు నాయనా. ఇప్పుడు నేను వనానందస్వామిని. మీరంతా ఏం చేయబోతున్నారు?"

"ఏటా చేసేదే. చెలమ తవ్వుతాం."

నక్క చెవులు మూసుకుంది. "హరి హరి! వినలేకపోతున్నాను. భూమి మనకు ఏమవుతుంది?"

"తల్లి అవుతుంది."

"తల్లి మొహాన్ని ఎవరైనా గోళ్ళతో గీరుతారా నాయనా?"

ఇన్నేళ్ళలో ఆ మాట ఎవరికీ తట్టలేదు. జూలన్న తన గోళ్ళ వంక చూసుకుని రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"అట్లయితే నీళ్ళెట్ల వస్తాయి సామీ?" అని అడిగింది చుక్కల దుప్పి. దాని కాళ్ళ మధ్య పది రోజుల కూన నిలబడి ఉంది. ఎండకు దుప్పి పాలు ఇంకిపోయాయి. మూడు రోజుల్లో తల్లి నోట్లో నీళ్ళు పడకపోతే కూన దక్కదని అందరికీ తెలుసు.

"తల్లిని అడిగితే ఇవ్వదా తల్లీ? ఇసక మీద పచ్చని కొమ్మలతో పందిరి వెయ్యండి. పళ్ళూ తేనే నైవేద్యం పెట్టండి. కళ్ళు మూసుకుని మౌనంగా కూర్చుని ప్రకృతిలో లీనమైపోండి. మూడో నాటికి నీళ్ళు వాటంతట అవే పైకి వస్తాయి."

గడ్డలవ్వకు ఒళ్ళు మండింది. "చంటిబిడ్డకు కూడా పాలు ఊరికే రావు నాయనా. నోరు పెట్టి లాగితేనే వస్తాయి. దాన్ని తల్లి గీరడం అనుకోదు."

"నువ్వా మాట్లాడేది?" నక్క గొంతు పెంచింది. "పొద్దున లేస్తే ముక్కుతో భూమిని పెళ్ళగించేదానివి! అందరికన్నా ఎక్కువ పాపం మూటగట్టుకున్నది నువ్వే."

అందరూ గడ్డలవ్వ వైపు తిరిగి చూశారు. అంతమంది అలా చూసేసరికి ముసలిది తల దించుకుని పక్కకు తప్పుకుంది. నిజం చెప్పుకోవాలంటే, మండుటెండలో ఇసక తోడడం ఒళ్ళు హూనమయ్యే పని. కూర్చుని చేసే భక్తి చూపించేవాడు దొరికితే ఎవరికి చేదు?

కొండముచ్చులు మద్దిచెట్లెక్కి పచ్చటి కొమ్మలన్నీ విరిచి పడేశాయి. మధ్యాహ్నానికి పెద్ద పందిరి లేచింది, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. గట్టు మాత్రం బోడిదైపోయింది. అంతకు ముందు ఆకుల నీడ పడే చోట కూడా ఇసక పెనంలా కాలడం మొదలుపెట్టింది. జూలన్న తేనెపట్టు తెచ్చి పెట్టింది. ఉడుతలు పళ్ళు తెచ్చాయి. అందరూ కళ్ళు మూసుకున్నారు.

కళ్ళు మూసుకోనిది స్వామి ఒక్కడే. గట్టు వెనక పెద్ద బండకు ఒక చీలిక ఉంది. నక్క మూతి తప్ప మరేదీ పట్టని సందు అది. లోపల చిన్న రాతి దొనలో పోయిన వానల నీళ్ళు దోసెడు మిగిలి ఉన్నాయి. నక్క పూటకోసారి పిల్లిలా వెళ్ళి రెండు గుక్కలు తాగి, వస్తూ వస్తూ నైవేద్యం సగం కానిచ్చి, మళ్ళీ దండ సర్దుకుని కూర్చునేది. చెప్పేవి శ్రీరంగనీతులు అని పెద్దలు ఊరికే అనలేదు.

ఒక రోజు గడిచింది. రెండో రోజూ గడిచింది. నీళ్ళు రాలేదు.

మూడో రోజు పొద్దెక్కేసరికి కూన నిలబడలేకపోయింది. పడుకున్నది పడుకున్నట్టే ఉండిపోయింది, నోరు మాత్రం తెరుచుకుని ఉంది. అది చూసి గడ్డలవ్వ ఇక ఆగలేక ఇసకలో మూతి పెట్టింది. జూలన్న ఒక్క ఉదుటున వచ్చి అడ్డంగా నిలబడింది.

"వద్దవ్వా. వ్రతం చెడితే వచ్చే నీళ్ళు కూడా రావు."

"బిడ్డ పోతాంది రా!"

"అందుకే వద్దంటున్నా." ఆ మాట అంటుంటే ఎలుగుబంటి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దానిది దుర్మార్గం కాదు, నమ్మకం. నమ్మినవాడి బలం ముందు ముసలి పంది బలం ఎంత?

నక్క గొంతు సవరించుకుంది. "నీళ్ళు రాకపోవడానికి కారణం నాకు తెలుస్తూనే ఉంది. మీలో ఎవరో కళ్ళు తెరిచారు."

చుక్కల దుప్పి అంది, "నేనే సామీ. బిడ్డకు ఊపిరి ఆడతాందో లేదో అని చూసినా."

"అదిగో! గంగమ్మ గడపదాకా వచ్చి వెనక్కి పోయింది. ఇక నేను మాత్రం ఏం చెయ్యను? పొద్దు వాలగానే నా దారిన నేను పోతాను."

దుప్పి ఏడవలేదు, ఏడవడానికి ఒంట్లో తడి లేదు. నా బిడ్డను నేనే చంపుకున్నానని నమ్మి తల నేలకు ఆనించింది. దాన్నలా నమ్మించిన పాపం ఏ నరకంలోనూ తీరేది కాదని నాకనిపిస్తుంది.

గడ్డలవ్వ నక్కనే చూస్తోంది. చిరుత ముక్కు ఎండి బీటలు వారింది. జూలన్న ముక్కు బూడిద రంగుకు తిరిగింది. స్వామివారి ముక్కు మాత్రం నల్లగా, తడిగా మెరుస్తోంది. మూడు రోజులు ఎండలో కూర్చున్న నక్కకు తడి ముక్కెక్కడిది? ముసలిదానికి అంతా అర్థమైంది. అరిచి చెబితే ఎవరూ నమ్మరని కూడా అర్థమైంది. ముల్లును ముల్లుతోనే తియ్యాలి. నెమ్మదిగా వెళ్ళి నక్క ముందు మోకాళ్ళ మీద వంగింది.

"సామీ, తప్పంతా మాదే. పచ్చి జీవాలం, మాకు మౌనం ఎట్ల పట్టుబడుతుంది? మీరు పండినోళ్ళు. మీరొక్కరే కూర్చుని పిలవండి. మేమంతా కళ్ళు తెరుచుకుని మిమ్మల్నే చూస్తాం. మీరు పిలిస్తే గంగమ్మ రాకుండా ఉంటుందా?"

"అవును! ఇంత మంచి మాట ఇన్నాళ్ళూ ఎవరికీ తోచలేదే!" అని జూలన్న గంతేసింది.

నక్క ఉబ్బిపోయింది. "సరే, మీ కోసం ఒక పూట కష్టపడతాను" అంది. పొగడ్తకు పడనివాడు పండితుల్లోనే లేడు, నక్కల్లో ఉంటాడా?

"ఇక్కడ సామీ" అంటూ గడ్డలవ్వ పందిరి దాటించి, ఎండలోకి తీసుకువెళ్ళి, ముక్కుతో నాలుగు చోట్ల వాసన చూసి, అయిదో చోట కూర్చోబెట్టింది. "గంగమ్మ పలికేదాకా లేవకూడదు. మీకు భంగం కలగకుండా జూలన్న ఈ పక్కన ఉంటాడు, చిరుతప్ప ఆ పక్కన ఉంటాడు."

నక్క కళ్ళు మూసుకుంది. పొద్దు నడినెత్తికి వచ్చింది. పొద్దున్నే తిన్న తేనె కడుపులో మంట పుట్టించింది. నాలుక అంగిలికి అంటుకుపోయింది. ఒక కన్ను కొంచెం తెరిచి చూస్తే నూరు జతల కళ్ళు తననే చూస్తున్నాయి.

"నాయనా," అంది మెల్లగా, "ఒక్కసారి గట్టు వెనక్కి వెళ్ళి..."

"మౌనం సామీ, మౌనం!" జూలన్న భక్తితో భుజం నొక్కి కూర్చోబెట్టింది.

ఇంకో ఘడియ. బంతిపూల దండ పొడిపొడిగా రాలిపోయింది. నక్క ఇసకకు మూతి ఆనించింది. అప్పుడు కింది నుంచి సన్నగా చల్లటి వాసన తగిలింది. అంతే, భక్తి, లీనం, ఆనందం అన్నీ ఎగిరిపోయాయి. రెండు చేతులతో ఇసకను గబగబా తవ్వడం మొదలుపెట్టింది. దప్పికైనప్పుడు బావి తవ్వినట్టు అంటారే, అక్షరాలా అలాగే.

జూలన్న అదిరిపడింది. "సామీ! సామీ! తల్లి మొహం!"

"తల్లీ లేదు, మొహమూ లేదు, ముందు నీళ్ళు!" అని అరిచి నక్క మోచేతుల దాకా దిగిపోయింది.

ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారని సామెత. నక్క తీసిన గోతిలో మాత్రం నీళ్ళు పడ్డాయి. ఇసక మొదట రంగు మారింది, తరువాత ముద్దయింది. జూలన్న ఒక్క క్షణం తన గోళ్ళ వంక చూసుకుంది. మరుక్షణం నక్కను పక్కకు ఎత్తి పెట్టి గుంటలోకి దూకింది. దాని వెనక చిరుత, చిరుత వెనక గడ్డలవ్వ. ముళ్ళపంది, ఉడుము, కుందేళ్ళు తడి ఇసకను మోసుకెళ్ళి కొమ్మలు పోయిన మద్దిచెట్ల మొదళ్ళలో పోశాయి. ఎవరూ ఎవరికీ పని చెప్పలేదు.

కొంత లోతు దిగాక గడ్డలవ్వ ఆగమన్నట్టు కాలు ఎత్తింది. అందరూ ఆగిపోయారు.

గుంట అడుగున ఒక ఇసక రేణువు కదిలింది. దాని పక్కన ఇంకొకటి. కింద ఎవరో మెల్లగా ఊదుతున్నట్టు రేణువులు లేచి, గిర్రున తిరిగి, మళ్ళీ సర్దుకున్నాయి. వాటి మధ్య నుంచి నీరు వచ్చింది. మొదట మసకగా, ఆ తరువాత తేటగా, తొందర లేకుండా వచ్చింది. ఏ కొండమీద ఎప్పుడు పడిన వానో, ఎన్ని రాళ్ళకింద ఎన్ని నెలలు నడిచిందో, ఈ ఎండలో ఈ గుంటలో తలెత్తింది. చూస్తుండగానే జానెడు నీరయింది. అందులో ఆకాశం కనిపించింది. చిరుతపులి ముందు కాళ్ళు మడిచి వంగింది. కొండముచ్చులంతటి కొండముచ్చులు కూడా కిక్కురుమనలేదు. ఆ మౌనం ఎవరూ పట్టమంటే పట్టింది కాదు. అలాంటి దాని ముందు నోరు దానంతట అదే మూతపడుతుంది.

జూలన్న కూనను రెండు చేతులతో ఎత్తి తెచ్చి అంచున దించింది. తల్లి తన మూతిని తడిపి కూన పెదాలకు రాసింది. ఒకసారి, రెండుసార్లు. మూడోసారికి కూన నాలుక బయటికి వచ్చింది. కాసేపటికి తనే మెడ చాపి నీటిలో మూతి పెట్టింది. అక్కడున్న వాళ్ళలో కళ్ళు తడవని జీవి లేదు.

ఆ తరువాత కుందేలు పిల్లలు, ఉడుతలు, నెమలి, దుప్పి, ఇలా చిన్న నుంచి పెద్ద దాకా వరసగా తాగారు. తవ్వినవాళ్ళు ఆఖరున నిలబడ్డారు. మొదట గోరు పెట్టింది తనే కనక, నక్కకు అందరికన్నా చివరి చోటు వచ్చింది.

"అదేమి న్యాయం! తవ్విందే నేను!" అంది నక్క ఎండిన గొంతుతో.

"అందుకే సామీ," అంది గడ్డలవ్వ, "నియమం తమరికి తెలియందా?"

నక్క నోరు మూసుకుని పొద్దు వాలేదాకా నిలబడింది. తన వంతు వచ్చేసరికి నీళ్ళు అయిపోయి ఉంటాయని భయపడింది. వంగి చూస్తే ఎంత తాగారో అంతా మళ్ళీ ఊరి ఉంది. తల వంచి తాగింది.

భక్తి గొంతులో ఉంటే చాలదు, గోళ్ళలోకి దిగాలి.