పేరు చెరిగిన గది

ఒకప్పుడు హార్డ్ డిస్కులో ఎంత చోటు ఖాళీ ఉందో ఎవరిని అడిగినా ఒకటే అంకె చెప్పేవారు.

ఆ డిస్కు చీకట్లో గిర్రున తిరిగే కొండ. కొండ నిండా గదులు. పాటలు, బొమ్మలు, కథలు వాటిలో కాపురం ఉండేవి. ప్రతి తలుపు మీదా లోపలున్నవారి పేరు ఉండేది. వాళ్లు వెళ్లిపోయాకే పేరు చెరిపేవారు.

ఖాళీలు చూసేవారు ఇద్దరు. పుల్లమ్మ అనే చీమ తలుపుల మీది పేర్లు తడుముకుంటూ వెళ్లేది. ఆవిడ నడుము ఎంత సన్నమో ఓపికా అంతే. కనకయ్య అనే గబ్బిలం గదిలోకి కూత వేసి వినేవాడు. ఖాళీ గది బదులు పలుకుతుంది, నిండిన గది పలకదు. తలకిందులుగా వేలాడేవాడి మాట తిన్నగా ఎలా ఉంటుందని పుల్లమ్మ వెక్కిరించేది. అయినా ఇద్దరి లెక్కా కలిసేది.

ఒకనాడు ఒక చిన్న పాట పరుగెత్తుకొచ్చింది. ఎవరో పసిపిల్ల అప్పుడే పాడిన పాట.

"అత్తా, గది కావాలి! కరెంటు పోయేలోగా లోపలికి చేరకపోతే నేనిక ఉండను."

"పోతున్నా, తర్వాత నన్ను అనొద్దు," అని గొణిగింది కరెంటు. చెప్పి పోవడమే పెద్ద మర్యాద అనుకుంటుంది అది.

"చివరి గది ఖాళీ. పేరు లేదు," అంది పుల్లమ్మ.

"ఖాళీ ఒక్కటీ లేదు వదినా. ఆ గది పలకలేదు," అన్నాడు కనకయ్య.

"నీ చెవుల్లో ఎవరో గూడు కట్టుంటారు మరిదీ!"

"నీకు ఆరు కాళ్లున్నాయిగా. వెళ్లి చూడు."

పుల్లమ్మ తలుపు తోసింది. లోపల వెచ్చగా ఉంది. ఎవరో గొంతు తగ్గించి కథ చెబుతున్నారు.

"ఎవరది?"

"అదే తెలియడం లేదమ్మా. నేను లేవకముందే పేరు చెరిపేశారు. బయట ఒక్కరు నన్ను ఇంకా వింటున్నారు. వాళ్లు వదిలేదాకా లేవలేను. రోజూ నా పేరు తడిమేదానివిగా. ఏమిటది?"

పుల్లమ్మ నోరు తెరిచింది. పేరు రాలేదు. నిన్న తడిమిన పేరే.

"అత్తా, ఆ గదిలోనే కూర్చోనా?" పాట అంచులు అప్పుడే మసకబారుతున్నాయి.

"కూర్చుంటే ఆ కథ నలిగిపోతుంది. ఆగు!" పుల్లమ్మ తలుపుకు అడ్డంగా నిలబడింది.

"...అంతే. ఇక పడుకో," అంది లోపలి గొంతు. బయట ఎక్కడో ఎవరో నిట్టూర్చారు. గది ఒక్కసారిగా చల్లబడింది. కనకయ్య కూత వేశాడు. గది బదులు పలికింది.

పాట లోపలికి దూకింది. ఆ వెంటనే కరెంటు పోయింది.

"ఇందాక లోపల ఎవరు వదినా?"

"నాకేం తెలుసు? పేరుంటేనే నా లెక్క."

ఆవిడ ఆ తలుపు మీది ఖాళీ చోటును మళ్లీ మళ్లీ తడమడం కనకయ్యకు వినిపించింది. ఆ ఒక్కసారికి అతను ఆవిడను వెక్కిరించలేదు. పుల్లమ్మ మళ్లీ ఎన్నడూ పేరులేని తలుపు తోయలేదు.

అప్పటినుంచీ లోపలివారు లేవకముందే పేర్లు చెరిపేస్తూనే ఉన్నారు. అందుకే డిస్కులో చోటెంత మిగిలిందని అడిగితే కంప్యూటర్లోని ఒక పనిముట్టు ఒక అంకె చెబుతుంది, ఇంకొకటి ఇంకో అంకె చెబుతుంది. ఒకటి పుల్లమ్మలా పేర్లు చూస్తుంది, ఇంకొకటి కనకయ్యలా గదులను వింటుంది. ఆ రెండు అంకెలకూ తేడా కనబడితే గట్టిగా మాట్లాడకండి. అక్కడ ఎవరో పేరు లేకుండా కూర్చుని కథ చెబుతున్నారు. ఎవరో ఇంకా వింటున్నారు.