తగ్గిన ఎంజైము

ఆ మధ్యాహ్నం విరజుడి కాళ్లు నేల మీద ఆనలేదు.

కొండమీది ఆశ్రమంలో వైద్యం చూసేది గురువూ, శిష్యుడు విరజుడూ, ఇద్దరే. కండలు కరిగిపోయే జబ్బుతో ఉన్న కొడుకు ఓబులేసుని గురవమ్మ అక్కడికి మోసుకొచ్చింది. ఆమె పుట్టింటి వంశంలో వస్తున్న జబ్బు అది. ఆమె అన్ననీ, తమ్ముణ్ణీ అదే తినేసింది.

కండ చితికినప్పుడల్లా అందులోని ఎంజైము రక్తంలోకి కారుతుంది. విరజుడు తన కషాయం మొదలుపెట్టాక, రక్తం పరీక్ష చేయించిన ప్రతిసారీ ఆ ఎంజైము తగ్గుతూ వచ్చింది. ఈసారి మరీ తగ్గింది.

జబ్బు కుదురుతోందని గురవమ్మకి చెప్పేశాడు. ఇలాంటి పిల్లలున్న ఇళ్లన్నిటికీ కబురు పంపుతానని, అనుమతి కోసం గురువు దగ్గరికి వెళ్లాడు.

గురువు అంతా విన్నాడు. చేతికర్ర అందుకుని కొండ దిగాడు. శిష్యుడు వెంట నడిచాడు.

దిగువన ఒక ఊరు. ఎప్పుడో కలరా వచ్చిన ఊరని వినడమే గాని, విరజుడు అందులో అడుగుపెట్టి ఎరగడు. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ఒక వాకిట్లో రోలు, అందులో నిలిచిన వాననీళ్లు. కుక్క మొరగలేదు. పిట్ట కూయలేదు. వెనక ఎవరో నిలబడి ఊపిరి బిగబట్టినట్టు అనిపించి అతను పదే పదే తిరిగి చూశాడు.

నడివీధిలో గురువు ఆగాడు.

“ఏడుపు వినిపిస్తోందా?”

విరజుడు చెవి ఒగ్గాడు. “లేదు స్వామీ.”

“అప్పట్లో ఇక్కడి ఏడుపు కొండమీదికి వినిపించేది. రోజురోజుకీ తగ్గింది. ఒకనాడు పూర్తిగా ఆగిపోయింది.” గురువు అతని వైపు తిరిగాడు. “ఊరు బాగుపడిందంటావా?”

విరజుడు వెనుదిరిగాడు. గబగబా కొండెక్కాడు.

ఓబులేసు అరుగు మీద పడుకుని ఉన్నాడు. ఇన్నాళ్లూ కాగితం మీది అంకెనే చూసిన విరజుడు దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చి కుర్రాడి తొడ పట్టుకున్నాడు. చర్మం తగిలింది. ఆ వెంటనే, మధ్యన కండ లేకుండా, ఎముక తగిలింది. కితకితలు పెడుతున్నాడనుకుని కుర్రాడు నవ్వాడు.

“ఏం సామీ, ఇంకా తగ్గిందా?” గురవమ్మ ఆశగా అడిగింది.

విరజుడు చెయ్యి తీయలేదు.

“కూర్చో తల్లీ” అన్నాడు.