నూకాలు ముక్కెత్తిన రోజు

ఒకప్పుడు ఎలుకలకు ఒకదాన్నొకటి గుర్తుపట్టడం తెలియదు. పొద్దున కలిసి గింజలు కొరికిన ఎలుకే సాయంత్రం ఎదురైతే, "ఎవరు నువ్వు?" అని అడగాల్సిందే. ఎదుటివాళ్లు ఏం చెబితే అది నమ్మాల్సిందే.

పైగా ఆడ ఎలుకలకు ఇంకో కట్టుబాటు. మగవాడు ఎదురైతే ముక్కు నేలకు ఆనించి నిలబడాలి. అది పెట్టింది ఎవరంటారా? ముక్కు వంచనక్కర్లేనివాళ్లే.

వరిచేను గట్టు కింద బొరియలో నూకాలు అనే ఎలుక పిల్లల్ని పెట్టింది. ఇంకా కళ్లు తెరవని పిల్లలు. ఒక బలిసిన మగవాడు వచ్చాడు.

"నీ మేనమామనే. ఆకలేస్తోంది, గింజలు పట్రా. పిల్లల్ని నేను చూస్తుంటాలే."

నూకాలు ముక్కు వంచి, బయటికి పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి మామ లేడు, పిల్లల్లో ఒకటి తక్కువైంది.

మర్నాడు వాడే వచ్చి, "నీ బావని" అన్నాడు. నూకాలు గుర్తుపట్టలేదు. మళ్లీ గింజలకు వెళ్లింది. మళ్లీ ఒక పిల్ల పోయింది.

పక్క బొరియలోంచి పైడితల్లి తల బయటపెట్టింది. "ఏమే నూకాలూ, నీ ఇంటికొచ్చే చుట్టాలకి వరసలు మారుతున్నాయి. పోయేవి మాత్రం నీ పిల్లలే!"

"వాడే వీడని నాకెలా తెలుస్తుంది వదినా?" అని ఏడ్చింది నూకాలు.

మిగిలిన పిల్లల్ని పొట్టకి అదుముకుని పాలిస్తుంటే, నెత్తిలోంచి సన్నగా ఒక గొంతు వినిపించింది.

"నేను నీ మెదడులో ఊటని. పిల్లలు పాలు తాగినప్పుడల్లా ఊరుతున్నాను. నా తడి తగిలిన వాసన చెరిగిపోదు. నువ్వేమో ముక్కు మట్టిలో పెడితివి. నాకు మట్టివాసన తప్ప ఏం అందుతుంది?"

అంతలో బొరియ గుమ్మం చీకటైంది.

"పెదనాన్ననమ్మా. గింజలు తే."

నూకాలు ఈసారి లేవలేదు. ముక్కెత్తి వాడి మెడ దాకా పోనిచ్చింది. తడిగడ్డి, దాని కింద ఏదో పుల్లటి కంపు.

"సిగ్గులేదూ! పెద్దవాడి మీదికి ముక్కెత్తుతావా?"

"పాలిస్తున్నా పెదనాన్నా. గింజలు నువ్వే తెచ్చుకో."

తల్లి కదలకపోయేసరికి వాడు సణుక్కుంటూ పోయాడు.

మర్నాడు గుమ్మం మళ్లీ చీకటైంది. "చెల్లీ, అన్ననే!"

ముఖం చూస్తే ఏమీ గుర్తురాలేదు. నూకాలు ముక్కెత్తింది. నెత్తిలో ఊట ఉలిక్కిపడింది: "వాడే!"

"నిన్న పెదనాన్నవి, ఇవాళ అన్నవా? రేపు నాకు తాతవవుతావా?" అంటూ వాడి మూతి పట్టి కొరికింది. కీచుమని కేక పెట్టింది. పైడితల్లి, చుట్టుపక్కల ఆడవాళ్లందరూ ముక్కులెత్తుకునే వచ్చారు. ఒక్కొక్కరూ వాణ్ణి వాసన చూసి మరీ వదిలారు. ఆ తర్వాత గట్టు మీద ఏ బొరియలోనూ వాడికి ఏ వరసా కుదరలేదు.

"ఆచారం మంట కలిసింది!" అని పెద్ద మగవాళ్లు కొన్నాళ్లు గోలపెట్టారు. ఆనక వాళ్లూ ముక్కునే నమ్ముకున్నారు.

అప్పటినుంచే రెండు ఎలుకలు ఎదురైతే ముందు మూతీ మూతీ చేర్చి వాసన చూసుకుంటాయి. మెదడులోని ఊట ఆ వాసనని పట్టి ఉంచుతుంది. ఇక తల్లి ఎలుక బొరియ దగ్గరికొచ్చి ఎవరు ఏ వరస చెప్పినా సరే, ముందు ఆ ముక్కు దాటాలి.