చేపుకొండ బాలనంది

పూర్వం, పెన్నానది ఏడాది పొడుగునా రెండు ఒడ్లూ ఒరుసుకుని పారే రోజుల్లో, దాని దక్షిణ తీరాన ఉన్న ఈ కొండకు ఇంకా పేరంటూ లేని కాలంలో, ఓబుళపతి నాయకుడనే పరమశివభక్తుడు ఈ సీమను ఏలుతుండేవాడు. కొండ మీద వెలసిన స్వామి జానెడు లింగం, బాలలింగేశ్వరుడని ప్రసిద్ధి. స్వామి పసివాడైనప్పుడు ఆయన వాహనం మాత్రం కండలు తిరిగిన ఎద్దు ఎలా అవుతుందని నాయకుడికి ఒకనాడు తోచింది. నిజమైన లేగదూడ ఎంత ఉంటుందో అంతే, గోరంతైనా తగ్గకుండా, కంచుతో ఒక బాలనందిని పోతపోయించి మహాశివరాత్రి నాటికి స్వామి ఎదుట ప్రతిష్ఠిస్తానని ఆయన సంకల్పం చెప్పుకున్నాడు.

ఆ పని చేయగల చేయి ఆ కాలంలో భూమండలం మొత్తానికి ఒక్కటే. అది కంచరి సుపర్ణాచారి చేయి. ఆయన మహిమను గురించి నేను చెప్పేది సగమే అనుకోండి. నాయకుడి ధాన్యపు కొట్టుకు ఆయన ఒక కంచు పిల్లిని పోసి ఇస్తే, మూడామడల మేర ఎలుకలు పిల్లాపాపలతో సహా పక్క రాజ్యానికి వలస పోయాయి. కోటగుమ్మానికి కంచు గుర్రాన్ని పోసి ఇస్తే, దాని ముందు ఉలవలు పెట్టని పూట కాపలా బంటులకు ముద్ద దిగేది కాదు. బాలనంది కోసం ఏడు కొండల తేనెపట్లు పిండి పద్నాలుగు బండ్ల మైనం తెచ్చి దించితే, ఆ యేడు అడవిలో ఎలుగుబంట్లు పస్తులున్నాయి. ఆ పద్నాలుగు బండ్లనూ కాచి, వడబోసి, అందులో అపరంజి వంటి మైనాన్ని సరిగ్గా ఒక్క దూడకు సరిపడా మిగుల్చుకుని, తక్కినదాన్ని ఆయన ఏట్లో కలిపేశాడు.

పోత విద్య ఎరుగని వారికి ఒక్క మాట మనవి. ముందు మట్టితో దూడ ఆకారం కట్టి, దాని మీద మైనాన్ని తొడిగి, ఆ మైనంలో చెవీ, ముట్టె, గంగడోలూ అన్నీ తీర్చి, పైన ఒండ్రుమట్టి పూతలు పూసి, పిడకల మంటలో కాలుస్తారు. మైనం కరిగి బయటికి పోతుంది. అది ఖాళీ చేసిన చోటులోకి కరిగిన కంచు దిగుతుంది. మైనపు దూడ పోతేనే కంచు దూడ పుడుతుంది. ఇందులో మినహాయింపు లేదు.

ఇక చూసి చేయడానికి ప్రాణమున్న దూడ కావలసి వచ్చింది. కొండ కింద గొల్లపల్లెలో పోలక్క అనే ఒంటరి ముసలమ్మకు మల్లెచుక్క అనే ఆవు ఉండేది. దాని ఒళ్ళంతా ఎర్రమన్ను రంగు, నుదుట మాత్రం మల్లెమొగ్గంత తెలుపు. అది తొలిచూలు ఈని, సర్వలక్షణ సంపన్నమైన కోడెదూడను పెట్టింది. దేవుడి పని కదా అని పోలక్క ఆ దూడను ఇస్తూ, పూటపూటకూ తల్లి దగ్గరికి వదలమని ఒకటికి పదిసార్లు చెప్పి పంపింది.

మొదటి రోజు ఆచారి వదిలాడు. రెండో రోజు చెవి వంపు కుదురుతున్న సంబరంలో మరిచాడు. దూడ అంబా అని అరుస్తుంటే, అరిచినప్పుడు గొంతు కింద కండ ఎలా కదులుతుందో తాటాకు మీద గీసుకున్నాడు. మూడో రోజు అది అరవడం మాని, కాళ్ళు ముడుచుకుని, మెడ ఒక పక్కకు వాల్చింది. నంది భంగిమ తనంతట తానే కుదిరిందని ఆ మహాశిల్పి పొంగిపోయి, తిండి మాని కొలతలు తీసుకున్నాడు. అది నీరసమని ఆయనకు తట్టలేదు. నాలుగో రోజు తెల్లవారేసరికి దూడలో ప్రాణం లేదు.

పోలక్క వచ్చి చూసింది. ఏడవలేదు. దూడ మీద తన చెంగు కప్పి, "మూడు దినాలు దీని ముందరే కూర్చుంటివి గదా ఆచారీ. నువ్వు సూసింది దూడను కాదు, కొలతలను" అంది.

ఆ మాటతో ఆయన చేతిలోని తాటాకులు జారిపోయాయి. పదిమంది నాయకుల ఎదుట తలవంచని మనిషి ఆ ముసలమ్మ పాదాల దగ్గర కూలబడ్డాడు.

అటు మల్లెచుక్క మేత ముట్టలేదు. పొదుగు రాయిలా గట్టిపడింది కాని చుక్క పాలు దిగలేదు. దూడ మూతి తగలగానే తల్లి పొదుగులోకి పాలు తమంతట తాము దిగి రావడాన్ని మావాళ్ళు చేపు అంటారు. చేపు రాని పొదుగును బ్రహ్మదేవుడు కూర్చున్నా పితకలేడు. చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి తల్లి ముందు నిలబెట్టమని, అదే ఆచారమని ఊరివాళ్ళు చెప్పారు. దాని బిడ్డ తోలు దానికే చూపించేటంత పాపం తన చేతులతో చేయనని పోలక్క ఒప్పుకోలేదు.

అప్పుడు సుపర్ణాచారి దూడ పడుకుని తడిపిన చోటి మన్నంతా గోకి తెచ్చి, లోపలి మట్టిలో కొంతా మైనంలో కొంతా కలిపి, కొలతల తాటాకులను పొయ్యిలో వేసి, కళ్ళు మూసుకుని, ఆ అరుపునూ ఆ వాలిన మెడనూ తలుచుకుంటూ తొమ్మిది రోజుల్లో మైనపు దూడను చేశాడు. సృష్టి మొదలైనప్పటినుంచి అటువంటి పని మరొకటి జరగలేదు. దాని మీద ఈగలు వాలేవి, దాని నీడలో కుక్కపిల్లలు ముడుచుకుని పడుకునేవి. మల్లెచుక్క వచ్చి వాసన చూసింది. చాలాసేపు కదలకుండా నిలబడింది. తరువాత నాలుక చాచి మెడ మీద నాకింది. పొదుగు వదులైంది, పాలు చేపుకొచ్చాయి, నేల తడిసింది. పోలక్క అప్పుడు ఏడ్చింది.

ఆ మీదట ఆవు మేత తిన్నది, బొమ్మ ఉన్న పందిరి విడిచి కదలలేదు. ఇంతలో శివరాత్రి దగ్గరపడింది. ఈ బొమ్మను ఆవుకు వదిలేసి వేరొకటి చేసుకుంటానని ఆచారి నాయకుడి కాళ్ళు పట్టుకున్నాడు. ఏడు కొండల్లో తేనెపట్టన్నది లేదు, చేతిలో పక్షం రోజుల గడువు కూడా లేదు, దేవుడికి చెప్పుకున్న మాట తప్పమంటావా అని నాయకుడు తానే కన్నీళ్ళు పెట్టుకున్నాడు. చేసేది లేక ఆచారి పోత మొదలుపెట్టాడు. మెడ మీది నాలుక చారలను చదును చేయాలని కాల్చిన కత్తి మూడుసార్లు ఎత్తాడు. మూడుసార్లూ దించి, వాటి మీదనే మట్టి పూశాడు.

పోత రోజున పోలక్క ఆవును ఏటి అవతలికి తోలుకుపోయి మర్రిమాను లావు పలుపుతో కట్టేసింది. ఇవతల కొలిమి తిత్తుల గాలికి అవతలి ఒడ్డున ఆరేసిన బట్టలు ఎగురుతున్నాయి. ఆ గాలిలోనే మైనం కాలే వాసన పోయిందో ఏమో, మల్లెచుక్క అంత పలుపునూ తెంపుకుని, నిండుగా పారుతున్న పెన్నను ఒక్క ఊపున ఈది వచ్చింది. అది వచ్చేసరికి కరిగిన మైనం కాలువలోంచి పారుతోంది. ఆవు తలవంచి ఆ ధారకు నాలుక తగిలించింది. చురుక్కుమంది. తల ఎత్తి ఒక్కసారి అరిచి, ఎవరి వంకా చూడకుండా కొండెక్కి అడవిలోకి వెళ్ళిపోయింది. పోలక్క మూడు రోజులు వెతికితే తెగిన పలుపు ముక్క దొరికింది, ఆవు దొరకలేదు.

పోత మాత్రం అద్భుతంగా వచ్చింది. శివరాత్రి నాడు నేత్రోన్మీలనానికి సర్వం సిద్ధం చేశారు. శిల్పి బంగారు సూదితో విగ్రహానికి కనుపాపలు గీసిన మరుక్షణం దాని ఎదుట దూడతో కూడిన గోవును నిలపాలని శాస్త్రం. పసుపు పూసి, పూలు చుట్టి, వేరే ఊరి ఆవునూ దూడనూ తెచ్చి నిలిపారు. ఆచారి సూది ఎత్తి, అలాగే ఉండిపోయాడు. ముహూర్తం దాటుతోందని అర్చకుడు హెచ్చరించాడు.

"స్వామీ, వీడి తల్లి అడవిలో ఉంది. ఇంకెవరి తల్లినో ఇంకెవరి బిడ్డతోనో చూపించడానికి వీడి కళ్ళు ఎలా తెరవమంటారు?" అన్నాడు సుపర్ణాచారి.

"అది రాకపోతే ఆచారీ?" అన్నాడు నాయకుడు.

"రాకపోతే తెరవను ప్రభూ. తెరిస్తే వీడు ముందు వెతికేది దాన్నే."

సూది కింద పెట్టి ఆయన గుడిమెట్ల మీద కూర్చున్నాడు. నాయకుడు నాలుగు దేశాల శిల్పులను రప్పించాడు. వజ్రపు మొన ఉన్న ఉలులు కూడా ఆ కంటి మీద వెన్నలా వంగిపోయాయి. చివరికి నాయకుడు కూడా నందికి మొక్కి కొండ దిగిపోయాడు. పోలక్క పూటపూటకూ ఆచారికి అంబలి తెచ్చేది. పొద్దువాలే వేళ ఇద్దరూ అడవివైపు తిరిగి ఆవును పేరు పెట్టి పిలిచేవాళ్ళు. పన్నెండేళ్ళకు ఆచారి పోయాడు. ఆ తరువాత పోలక్క ఒక్కతే పిలిచింది. ఆమె తరువాత ఆమె కులంవాళ్ళు పిలుస్తున్నారు.

రోడ్డు పక్కన బోర్డు మీద చేపలకొండ అని రాసిన మహానుభావుడు ఎవరో గాని, ఈ కొండకూ చేపలకూ ఏ సంబంధమూ లేదు. ఇది చేపుకొండ. ఇప్పటికీ సాయంత్రం ఆవులు ఇళ్ళకు తిరిగే వేళ గొల్లపల్లె నుంచి ఒకరు కొండెక్కి, "మల్లెచుక్కా, రామ్మా" అని మూడుసార్లు పిలుస్తారు. ఆ పిలుపు వినిపించినంత మేర, దూడ పోయిన తల్లులతో సహా, ఆవులన్నీ చేపుతాయి. కంచు దూడ మెడ మీద చారలతో, కనుపాపలు లేని నున్నని కళ్ళతో, పక్కకు వాలిన మెడతో అడవివైపు ముఖం పెట్టి కూర్చుని ఉంటుంది. పిలిచిన మనిషి కాసేపు చెవి ఒగ్గి నిలబడతాడు. తరువాత అర్చకుడు గుడి తలుపులు దగ్గరగా వేస్తాడు, గడియ మాత్రం పెట్టడు.